మినీ ట్రాక్టరా, జేసీబీనా? అడ్వాన్సు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్కలు

పదెకరాల పొలం ఉంది, చేతిలో కొంత డబ్బుంది, మిగతాది అప్పిస్తామని బ్యాంకు వాళ్లు, ఫైనాన్స్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఇలాంటప్పుడే ఈ సందేహం వస్తుంది. మినీ ట్రాక్టర్ తెచ్చుకుని సొంత పొలం చేసుకోవాలా, ఇంకాస్త తెగించి జేసీబీ దించి కిరాయికి తిప్పాలా? రెండూ డీజిల్ తాగేవే, రెండూ మట్టిలో పనిచేసేవే. అంతకుమించి వాటికి పోలిక లేదు.

పేర్ల సంగతి ముందే తేల్చుకుందాం. ముందు వెడల్పాటి బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న టైర్ల బండి ఏ కంపెనీదైనా మన దగ్గర జేసీబీయే. అదే పనికి కేస్, క్యాట్, టాటా హిటాచీ, మహీంద్రా బండ్లు కూడా ఉన్నాయి. గొలుసుల మీద నడిచే పొక్లెయిన్ వేరే జాతి, ఇక్కడ దాని ఊసు ఎత్తడం లేదు.

మామూలుగా ఊళ్లలో తిరిగే 3డీఎక్స్ తరగతి జేసీబీ బరువు ఏడున్నర టన్నులు, ఇంజిన్ 75 హెచ్‌పీ అటూ ఇటూ. ముందు బకెట్‌లో 1.1 ఘనమీటర్లు, వెనక బకెట్‌లో 0.26 ఘనమీటర్లు పడతాయి. చెయ్యి 4.7 మీటర్ల లోతుకు పైగా దిగుతుంది. మినీ ట్రాక్టర్ అంటే 20 నుంచి 28 హెచ్‌పీ, బరువు 600 నుంచి 1,100 కిలోలు, వెనక లిఫ్ట్ ఎత్తేది చాలా మోడళ్లలో 750 కిలోల దగ్గర ఉంటుంది. హెచ్‌పీలో తేడా మూడింతలే, బరువులో దాదాపు పదింతలు. గట్టి మొరంలోకి పళ్లు దిగాలంటే వెనక బరువు ఉండాలి. తడిసిన రేగడిలో నేల అణిగి గట్టిపడకుండా ఉండాలంటే అదే బరువు ఉండకూడదు. షోరూములో హెచ్‌పీ గురించే మాట్లాడతారు. మీరు మాత్రం బరువును మనసులో పెట్టుకుని కింది లెక్కలు వేయండి.

1. ఏడాది పనిని గంటల్లో రాయండి

ఎకరాలు చూసి బండి కొనేవాళ్లు ఎక్కువ. ఎకరాలు కాదు, గంటలు రాయాలి. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. దున్నడం, రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పరికరం), దమ్ము, మందు కొట్టడం, ట్రాలీ లాగడం ఎడమ వైపు. కుంట తవ్వడం, గుంతలు, కాలువ పూడిక, గట్లు చదును, మొద్దులు పీకడం కుడి వైపు. పోయిన ఏడాది కిరాయిలకు ఇచ్చిన డబ్బు గుర్తు తెచ్చుకుంటే గంటలు అవే బయటపడతాయి.

రోటవేటర్ గంటలు ఎలా కట్టాలో చూడండి. 24 హెచ్‌పీ బండి 4 అడుగుల రోటవేటర్‌తో, అంటే 1.2 మీటర్ల వెడల్పుతో, గంటకు 3 కిలోమీటర్లు నడిచిందనుకోండి. గంటకు 3,600 చదరపు మీటర్లు. మలుపులకు, ఒక పట్టె మీద ఇంకో పట్టె పడేదానికి పావు వంతు తీసేస్తే 2,700 మిగులుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరానికి గంటన్నర.

ఇప్పుడు 5 ఎకరాల బత్తాయి, 3 ఎకరాల వరి ఉన్న రైతును తీసుకుందాం. తోటలో ఏడాదికి నాలుగుసార్లు కలుపు తిప్పితే 30 గంటలు. వరికి రెండు పంటలు, ఎకరానికి మూడు గంటల దమ్ము చొప్పున 18. ఆరుసార్లు మందు, ఎకరానికి ముప్పావు గంట చొప్పున 22. ఎరువు, కాయ, గడ్డి మోయడానికి ట్రాలీ 60. మొత్తం 130 గంటలు. కుడి వైపు వరసలో ఇదే రైతుకు ఏటా పది, పదిహేను గంటలకు మించి ఉండదు. కుంట తవ్వే ఏడాది మాత్రం అది నలభై దాటుతుంది.

అంటే సొంత పొలం కోసమే అయితే జేసీబీ ప్రశ్నే లేదు. మినీ ట్రాక్టర్ కూడా గిట్టుబాటవుతుందా అన్నదే అసలు ప్రశ్న, దాన్ని మూడో లెక్కలో చూద్దాం.

2. మట్టి పనిని ఘనమీటర్లలో కొలవండి

"చిన్న కుంటే కదా, మినీ ట్రాక్టర్‌కు బకెట్ తగిలించి తవ్వుకుందాం" అనుకునేవాళ్లు ఒక్కసారి మట్టి ఎంతో కట్టి చూడాలి.

పైన 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు కుంట. గట్టు జారకుండా ఒక మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్ల వాలు ఇస్తే, అడుగున 11 మీటర్ల చదరం మిగులుతుంది. పైన వైశాల్యం 400, అడుగున 121, సరిగ్గా సగం లోతులో 15.5 మీటర్ల చదరం అంటే 240. నడిమి దాన్ని నాలుగింతలు చేసి, మూడింటినీ కూడి, లోతుతో హెచ్చించి ఆరుతో భాగిస్తే 740 ఘనమీటర్లు వస్తుంది. పైనా కిందా కూడి సగం చేసే మొరటు లెక్క ఇక్కడ పనికిరాదు, అది 780 చూపిస్తుంది. ఆ నలభై ఘనమీటర్ల తేడాకు మీరు గంటన్నర కిరాయి కట్టాలి.

ఇక జేసీబీ ఎంత తీస్తుంది? మెత్తని ఎర్రనేలలో పక్కనే పోసేటట్టయితే ఒక బకెట్‌కు 25 సెకన్లు. గంటలో 50 నిమిషాలు పని జరిగితే 120 బకెట్లు, అంటే 31 ఘనమీటర్లు. ఇది వదులైన మట్టి. తవ్విన మట్టి పావు వంతు ఉబ్బుతుంది కాబట్టి, నేలలో కొలిచిన మట్టి లెక్కన 25. ఈ కుంటకు 30 గంటలు. అడుగున మొరం తగిలితే 40 అవుతుంది. మట్టిని అవతలి గట్టు దాకా ముందు బకెట్‌తో మోయించుకుంటే ఇంకా పెరుగుతుంది. మినీ ట్రాక్టర్‌కు ఇది అయ్యే పని కాదు.

గుంతల సంగతి వేరు. ఆయిల్‌పామ్ 9 మీటర్ల త్రిభుజాకారంలో వేస్తే ఎకరానికి 57 మొక్కలు, గుంత 60 సెంటీమీటర్ల ఘనం. జేసీబీతో గుంతకు రెండు నిమిషాలు, ఎకరం రెండు గంటల్లో అయిపోతుంది. మినీ ట్రాక్టర్ పీటీవోకు, అంటే ఇంజిన్ శక్తిని వెనక పరికరానికి అందించే తిరిగే షాఫ్ట్‌కు, గుంతలు తీసే బర్మా తగిలిస్తే అడుగు, అడుగున్నర గుండ్రటి గుంత పడుతుంది. జామ, మునగ, కంచె రాళ్లకు అది చాలు, ఆయిల్‌పామ్‌కు చాలదు. మామిడికి మీటరు ఘనం గుంత కావాలి కాబట్టి అదీ జేసీబీ పనే.

ఇక్కడొక తప్పు తరచుగా జరుగుతుంది. రేగడి తడిగా ఉన్నప్పుడు బకెట్‌తో గానీ బర్మాతో గానీ గుంత తీస్తే దాని గోడలు కుండ లోపలి వైపులా నున్నగా పూత పెట్టినట్టు అవుతాయి. ఆరాక గట్టిపడతాయి. మొక్క వేరు ఆ గోడ దాటలేక గుంతలోనే చుట్టుకుంటుంది, నీరు దిగక కుళ్లుతుంది. నేల పొడిబారాక తీయించండి. ఇప్పటికే తీసేసి ఉంటే గడ్డపారతో గోడలను నాలుగు వైపులా గీకి గరుకు చేయండి. కుంటకైనా గుంతకైనా పైన అడుగు మందం మట్టిని విడిగా పోయించడం మరవద్దు. సారమంతా అందులోనే ఉంటుంది, ఆపరేటర్‌కు చెప్పకపోతే అది అడుగుమట్టి కిందకు పోతుంది.

3. డబ్బు లెక్క

కిందివి లెక్క పద్ధతి చూపడానికి వేసుకున్న అంకెలు. మీ మండలంలో నడిచే కిరాయి, మీకొచ్చిన కొటేషన్ పెట్టి మళ్లీ కట్టుకోండి.

మినీ ట్రాక్టర్, రోటవేటర్ కలిపి 6 లక్షలనుకుందాం. లక్షన్నర చేతి నుంచి, నాలుగున్నర లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు 9,800 చొప్పున ఏడాదికి 1,17,600. బీమా, సర్వీసు, బ్లేడ్లకు ఇంకో 20,000. బయటి బండి గంటకు 900 తీసుకుంటోందనుకుంటే, సొంత బండికి గంటకు రెండున్నర లీటర్ల డీజిల్, లీటరు 97 చొప్పున 243 పోను 657 మిగులుతుంది. 1,37,600ను 657తో భాగిస్తే 210 గంటలు. పైన చెప్పిన రైతుకు సొంత పని 130 గంటలే. మిగతా 80 గంటలు చుట్టుపక్కల వాళ్లకు తిప్పగలిగితేనే కిస్తీ పొలం మీద పడదు.

అయితే కాగితం మీద కట్టలేనిది ఒకటుంది, అదను. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే ఊళ్లోని బండ్లన్నీ ఒకేసారి కావాలి. నాలుగు రోజులు ఆగితే పదును ఆరిపోతుంది. సొంత బండికి 40, 50 గంటలు తక్కువ పడినా, అదను కోసం కొన్నానని చెప్పే రైతు మాటను తీసిపారేయలేం. వంద గంటలు కూడా లేనివాళ్లు మాత్రం కిరాయికి పోవడమే మేలు.

జేసీబీ లెక్క ఏడాదికి కాదు, నెలకు వేయాలి, ఎందుకంటే దెబ్బ నెలనెలా పడుతుంది. కొత్తది 30 లక్షలు దాటుతుంది. 28 లక్షల అప్పు, 11 శాతం, నాలుగేళ్లు అయితే కిస్తీ 72,400. ఆపరేటర్, హెల్పర్ జీతాలు 30,000. బీమా నెలకు 4,000. బండి కదలకపోయినా పోయే డబ్బు 1,06,400.

కదిలితే గంటకు 6 లీటర్లు, 582 రూపాయలు. గ్రీజు, ఆయిళ్లు, పళ్లు, హోస్‌లు, టైర్ల అరుగుదల కలిపి గంటకు 150 పక్కన పెట్టాలి. టైర్ల డబ్బు కలపకుండా లెక్క వేసి, మూడో ఏడాది నాలుగు టైర్లు ఒక్కసారి మార్చాల్సి వచ్చినప్పుడు కూలబడేవాళ్లు చాలామంది. కిరాయి గంటకు 1,200 అయితే మిగిలేది 468. 1,06,400ను దానితో భాగిస్తే నెలకు 227 గంటలు. నెలలో 26 రోజులు, రోజుకు దాదాపు తొమ్మిది గంటలు నడిస్తే అసలుకు అసలు. కిరాయి 1,400 దొరికే చోట 159 గంటలు చాలు. కిరాయిలో 200 తేడా వస్తే నెలకు 68 గంటల తేడా! అందుకే మీ చుట్టుపక్కల ఇప్పటికే ఎన్ని జేసీబీలు ఉన్నాయో లెక్కపెట్టాలి. మూడో బండి వచ్చిన ఊళ్లో ముందు పడిపోయేది కిరాయే.

వర్షాకాలం సంగతీ కలపండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పొలాల్లోకి బండి దిగదు, కుంటల పని ఉండదు. తొమ్మిది నెలల పనితో పన్నెండు కిస్తీలు కట్టాలి. పని చేయించుకున్న కాంట్రాక్టర్ బిల్లు వచ్చాక ఇస్తానంటాడు. డీజిల్ మాత్రం పొద్దున్నే నగదు. కనీసం మూడు నెలల కిస్తీ, అంటే రెండు లక్షల పైచిలుకు చేతిలో లేకుండా జేసీబీ దించవద్దు.

పన్నులోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 5 శాతమే, జేసీబీ మీద 18 శాతం. కొటేషన్ చూసేటప్పుడు రేటు పన్నుతో కలిపా, విడిగానా అని అడగండి.

4. దారి, గేటు, సాళ్లు కొలవండి

టేపు పట్టుకుని పొలానికి వెళ్లండి. జేసీబీ ముందు బకెట్ వెడల్పు రెండుంపావు మీటర్లు ఉంటుంది. గేటు, కాలువ మీది తూము, గట్ల మధ్య బాట మూడు మీటర్లు లేకపోతే బండి లోపలికి పోవడానికే ఒక గట్టు తెగుతుంది. తూము పాత రాతి కట్టడమైతే ఏడున్నర టన్నులు మోస్తుందో లేదో చూసుకోండి. తోటలో డ్రిప్ లేటరళ్లు (మొక్కల వెంట పరిచిన సన్న పైపులు) ముందే చుట్టి పక్కన పెట్టాలి. మెయిన్ పైపు ఎక్కడుందో సున్నంతో గీత గీయాలి.

తల పైకెత్తి కూడా చూడండి. పొలాల మీది 11 కేవీ తీగలు వేలాడుతుంటాయి. జేసీబీ చెయ్యి పూర్తిగా ఎత్తితే ఐదు మీటర్లు దాటుతుంది. తీగను తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా ప్రమాదమే. తీగ కింద పనుంటే లైన్‌మన్‌తో చెప్పి సరఫరా ఆపించాకే మొదలుపెట్టాలి.

మినీ ట్రాక్టర్‌కు కొలవాల్సింది సాళ్లు. బండి మొత్తం వెడల్పుకు రెండు వైపులా కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ఒక మీటరు వెడల్పు బండి 4 అడుగుల సాళ్లలో ఇబ్బందిగానే తిరుగుతుంది, 3 అడుగుల పత్తి సాళ్లలో అసలు పట్టదు. చక్రాల ట్రాక్ లోపలికి మార్చుకునే వీలుందో, మారిస్తే కనిష్ఠంగా ఎంతకొస్తుందో డీలర్‌ను అడిగి, కాగితంలో చూడండి. మారిస్తే బండి సన్నబడుతుంది, ఏటవాలులో పల్టీ కొట్టే భయమూ అంతే పెరుగుతుంది.

5. మినీ ట్రాక్టర్ వైపు మొగ్గితే

బ్రోషర్లో పెద్ద అక్షరాల హెచ్‌పీ ఇంజిన్‌ది. మీకు కావాల్సింది పీటీవో హెచ్‌పీ. 24 హెచ్‌పీ ఇంజిన్‌కు పీటీవో దగ్గర మోడల్‌ను బట్టి 17 నుంచి 22 దాకా ఉంటుంది. రోటవేటర్‌ను ఆ అంకెను బట్టి ఎంచుకోవాలి. ఇంజిన్ 20 హెచ్‌పీ అయితే 3 అడుగులు, 24 అయితే 4 అడుగులు దాటవద్దు. ఎరుపు, ఇసుక నేలల్లో లాగేస్తుందని 5 అడుగులది అంటగడతారు. అదే రోటవేటర్ రేగడిలో రెండో గేరుకు కూడా ఊపిరాడనివ్వదు. ఇంజిన్ వేడెక్కుతుంది, క్లచ్ కాలుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్‌కు లక్షో, లక్షకు కాస్త తక్కువో ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. వరి మడి, రేగడి, గుట్టల వాలు ఉంటే పెట్టండి. బండి తేలిక కాబట్టి రెండు చక్రాలతో జారడం ఎక్కువ. ఎర్ర చెల్కలో తోట ఒక్కటే ఉంటే టూ వీల్ చాలు. కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245, వీఎస్టీ ఎంటీ 270 ఈ తరగతిలో మన రోడ్ల మీద కనబడేవే. 2023 ఆగస్టులో వచ్చిన మహీంద్రా ఓజా మన జహీరాబాద్‌లోనే తయారవుతోంది. మోడల్ కంటే డీలర్ సర్వీసు పాయింట్ ఎంత దూరమో ముఖ్యం. అదునులో ఒక హైడ్రాలిక్ సీల్ కోసం 80 కిలోమీటర్లు పోవాలంటే అది మీకు తగిన బండి కాదు.

డెమో షోరూము ముందు సిమెంటు మీద కాకుండా మీ పొలంలోనే అడగండి. రోటవేటర్ నాలుగైదు అంగుళాల లోతుకు దించి, మీటరులో పీటీవో 540 గుర్తు దగ్గర ముల్లు నిలబెట్టి, వంద అడుగులు నడిపించండి. ముల్లు గుర్తు నుంచి బాగా కిందికి పడిపోతే రోటవేటర్ పెద్దదన్నమాట. చివర లిఫ్ట్ ఎత్తి మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రాలు తేలుతున్నాయేమో చూడండి. తేలితే ముందు బరువులు వేయాలి, వాటి ధర కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఇక ప్రమాదాలు. చిన్న బండే కదా అని ఇటుకల ట్రాలీ తగిలించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. 700 కిలోల బండికి వెనక మూడు టన్నులు కడితే ఎక్కడం ఎలాగోలా ఎక్కుతుంది, దిగేటప్పుడే ట్రాలీ బండిని తోసుకుంటూ పోతుంది. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం రోడ్డెక్కగానే వేయాలి. వేయకపోతే ఒక్క చక్రం పట్టి బండి అడ్డం తిరుగుతుంది. బురదలో దిగబడిన దాన్ని లాగడానికి గొలుసును డ్రాబార్‌కే (వెనక కిందుండే లాగే కడ్డీకి) కట్టండి. టాప్ లింక్ (లిఫ్ట్ పైకడ్డీ) దగ్గర కడితే ముందు చక్రాలు లేచి బండి మీ మీదకే తిరగబడుతుంది, దూకడానికి కూడా సమయం ఉండదు. పీటీవో షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు పగిలిందని పీకి పారేయొద్దు. తువ్వాలు, లుంగీ అంచు, చీర కొంగు ఏది చుట్టుకున్నా 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు తొమ్మిది చుట్లు.

వెనక బిగించే చిన్న బ్యాక్‌హో (తవ్వే చెయ్యి) అటాచ్‌మెంట్ గురించి ఒక మాట. మినీ ట్రాక్టర్‌కు దాన్ని తగిలిస్తే మొదట్లో ముచ్చటగా ఉంటుంది. గట్టినేలలో బకెట్ దిగకపోగా బండే పైకి లేస్తుంది. ఆ గుంజులాటంతా గేర్‌బాక్సు, వెనక ఇరుసు బోల్టుల మీద పడుతుంది. మట్టి పని నిజంగా ఉంటే 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు ముందు డోజర్ బ్లేడు లేదా లోడర్ బిగించుకోవడం నడిమి దారి. గట్లు చదును, పెంట ఎత్తడం, ఇసుక సర్దడం దానితో అయిపోతాయి. లోతు తవ్వకం మాత్రం దానితోనూ కాదు.

6. జేసీబీ వైపు మొగ్గితే, అదీ సెకండ్ హ్యాండ్ అయితే

మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది పాతదే చూస్తారు. చూడాల్సిన వరస ఇది.

తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచుతారు. చల్లగా ఉన్న ఇంజిన్ ఎంతసేపు తిప్పితే అంటుకుంటుందో, ఎలాంటి పొగ వస్తుందో చూడాలి. అంటుకున్నాక ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి పర్వాలేదు, గుప్పుగుప్పున పొగ తన్నితే రింగులు అయిపోయినట్టే.

గంటల మీటరు నమ్మొద్దు. కిరాయికి తిరిగే బండి ఏడాదికి 1,500 నుంచి 2,000 గంటలు నడుస్తుంది. ఐదేళ్ల బండికి 4,000 చూపిస్తే పెడళ్ల రబ్బరు, లివర్ల గుండ్లు, సీటు అంచు చూడండి. అవి దాచలేరు.

తర్వాత కింగ్‌పోస్ట్, అంటే వెనక చెయ్యి పక్కలకు తిరిగే కీలు. వెనక చేతిని పూర్తిగా చాపి, బకెట్ నేలకు అడుగు ఎత్తులో ఉంచి, ఇంజిన్ ఆపించి, ఇద్దరు కలిసి బకెట్‌ను పక్కలకు ఊపండి. కాస్త కదలడం సహజం. నాలుగైదు అంగుళాలు ఊగితే పిన్నులు, బుష్‌లు అరిగిపోయాయి. రోజూ గ్రీజు కొట్టని బండిలో ముందు చచ్చేది ఇక్కడే. పిన్ను మారిస్తే సరిపోతుందంటారు. బుష్ కూర్చునే బోరు కూడా కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉంటే బోరింగ్ చేయించాలి, అది వేరే ఖర్చు.

ముందు బకెట్ తలెత్తు పైకి ఎత్తించి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు వదలండి. కింద ఎవరూ నిలబడకూడదు. అది కళ్లముందే కిందికి జారుతుంటే సిలిండర్ సీళ్లో, వాల్వో లీకు. హోస్‌ల దగ్గర తడి కనబడితే చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సూది బెజ్జం నుంచి ఆ ఒత్తిడిలో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న గాటులా కనిపిస్తుంది, ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి వస్తుంది.

బూమ్ (వెనక చేతిలో బండి వైపు భాగం) మొదట్లో, డిప్పర్ (బకెట్ వైపు భాగం) కీళ్ల దగ్గర, బండిని నేలకు ఆనించే వెనక కాళ్ల దగ్గర కొత్త రంగు మెరుస్తుంటే అక్కడ వెల్డింగ్ ఉందేమో గీకి చూడండి. ఒక గంట పని చేయించి, వేడెక్కాక మూడో గేరులో ఎత్తు ఎక్కించండి. ఇంజిన్ మోత పెరిగి బండి కదలకపోతే ట్రాన్స్‌మిషన్ జారుతోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే మాడిన వాసన వస్తుంది. అలాంటి బండి ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు కొట్టేశారా, ఎన్‌వోసీ ఉందా, బీమా నడుస్తోందా అన్నవి ముందే చూసుకోవాలి. ఆపరేటర్ లైసెన్సు ఆ తరగతి బండికి చెల్లేదై ఉండాలి. లేకపోతే ప్రమాదం రోజున బీమా కంపెనీ పట్టుకునే మొదటి కాగితం అదే.

7. తవ్వేముందు కాగితాలు, కాళ్లు

జేసీబీని పట్టుకుని స్టేషన్లో పెట్టడం తరచుగా జరిగేది ఇసుక, మొరం దగ్గర. ఇసుక తవ్వకాన్ని అదుపుచేసే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002లోనే వచ్చింది. గనుల శాఖ అనుమతి లేని మొరం, వాగు ఇసుక ఎత్తడానికి రాత్రి పూట రెట్టింపు కిరాయి ఇస్తామంటారు. బండి సీజ్ అయితే కిస్తీ ఆగదు. పిలిచినవాళ్ల అనుమతి కాగితం ఫోటో తీసుకున్నాకే బకెట్ దించండి. ట్రాక్టర్‌దీ ఇదే సంగతి. వ్యవసాయం కింద రిజిస్టరైన బండితో కిరాయికి ఇసుక, ఇటుక మోస్తూ ప్రమాదం జరిగితే బీమా రాకపోవచ్చు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి.

రోడ్డు పక్కన తవ్వితే కింద ఏముందో కనుక్కోవాలి. తెలంగాణ ఊళ్లలో మిషన్ భగీరథ పైపులు రోడ్ల పక్కనే పోతాయి, వాటితోపాటు ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు. తవ్వకానికి ముందు ఆ వివరం తెలపడానికి కేంద్రం 2023 మార్చి 22న కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ తెచ్చింది. పంచాయతీ నీళ్లు వదిలే మనిషిని అడిగినా పైపు జాడ చెబుతాడు, చాలాసార్లు అదే త్వరగా అవుతుంది.

తవ్వేటప్పుడు ముందు బకెట్ నేలకు ఆనాలి. వెనక కాళ్లు రెండూ దించి టైర్ల మీది బరువు తీసేయాలి. మెత్తని నేలైతే కాళ్ల కింద చెక్క దిమ్మెలు వేయాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం మీటరు అవతల పోయాలి. అంచునే పోస్తే ఆ బరువుకే గోడ జారుతుంది. మనిషి నడుము దాటిన లోతు కందకంలో, వాలు ఇవ్వకుండా, ఎవరినీ దించొద్దు.

8. చివరికి కిరాయికే పిలుస్తానంటే

లెక్కలన్నీ వేశాక పదిమందిలో ఎనిమిది మందికి తేలేది ఇదే: తోటకు మినీ ట్రాక్టర్ సొంతం, మట్టి పనికి జేసీబీ కిరాయి. అప్పుడు నేర్వాల్సింది కిరాయి మాట్లాడటం.

పనంతా ఒక్కరోజుకు కుదించండి. గుంతలకు సున్నం గుర్తులు, కుంటకు నాలుగు మూలలా మేకులు, తాడు, మట్టి పోసే చోటు అన్నీ ముందురోజే సిద్ధం చేయాలి. బండి వచ్చాక ఎక్కడ తవ్వాలో ఆలోచిస్తే నిమిషానికి ఇరవై రూపాయలు పోతుంటాయి. రానుపోను సమయం ఎవరి ఖాతా, కనీసం ఎన్ని గంటలకు డబ్బివ్వాలి, డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బాటా అందులోనేనా అన్న నాలుగూ ఫోన్లోనే తేల్చుకోండి. మట్టి ట్రాలీల్లోకి ఎత్తాలంటే 100 ఘనపుటడుగుల ట్రాలీకి ముందు బకెట్‌తో మూడు బకెట్లు పడతాయి. కాబట్టి జేసీబీ ఖాళీగా నిలబడకుండా దూరాన్ని బట్టి ట్రాలీలు పిలవండి. అర కిలోమీటరు దూరానికి మూడైనా కావాలి.

మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు గంటల మీటరుకు ఫోటో తీయండి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి టీకి, అన్నానికి దిగినప్పుడు బండి ఆపమనండి. మీటరులో చివరి అంకె గంటలో పదో వంతు, అంటే 6 నిమిషాలు. 3.5 అంటే మూడున్నర గంటలు, మూడు గంటల యాభై నిమిషాలు కాదు. గొడవలు సగం ఇక్కడే మొదలవుతాయి, ఫోటో పక్కన పెట్టుకుని తీసివేత చేయండి.